ఏప్రిల్‌లో పావురాలు రావట్లేదంటే ముందు చేను మార్చండి

ప్రశ్న: "ఇంగ్లండ్‌లో ఏప్రిల్, మే నెలల్లో పొలాల మీద పావురాల షూటింగ్‌కు వెళ్ళడం దండగేనా? పొద్దంతా మాటు వేసినా నాలుగు పిట్టలు కూడా రావట్లేదు. జూలై కోతల దాకా ఆగమంటారా?"

దండగేం కాదు, ఆగక్కర్లేదు. నన్నడిగితే పావురాల షూటింగ్ అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఈ రెండు నెలల్లోదే. కోసిన గోధుమ చేలో కొయ్యకాళ్ళ మీద కూర్చుని వందల కొద్దీ కొట్టి, వాటిని వరసగా పేర్చి ఫోటో దిగేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు. ఎందుకు పడదో చివర్లో చెబుతా. ముందు మీ పావురాలు ఎటు పోయాయో చూద్దాం.

నేను చాలా ఏళ్ళుగా లింకన్‌షైర్‌లో ఉంటున్నాను. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. "నీకీ తుపాకీ పిచ్చి ఎక్కడ పట్టిందిరా" అని ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు. చిన్నప్పుడు జొన్న చేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలు తోలినవాణ్ణి, నాకిది కొత్త పనా? వడిసెల పోయి పన్నెండు బోర్ తుపాకీ వచ్చింది, అంతే తేడా.

చలికాలంలో వుడ్ పిజియన్‌కు, అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ అడవి పావురానికి, పచ్చమేత దొరకడం కష్టం. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో వేసిన ఆయిల్‌సీడ్ రేప్, అంటే మన ఆవాల చుట్టం, జనవరి ఫిబ్రవరుల్లో నేలకు అతుక్కుని పచ్చగా ఉంటుంది కాబట్టి మంద మొత్తం అక్కడే పడుతుంది. మార్చి దాటాక ఆ పంట ఏపుగా లేచి ఏప్రిల్‌లో పసుపు పువ్వు విరగబూస్తుంది. ఆ గుబురులో పావురం దిగలేదు. సరిగ్గా అప్పుడే చెట్లు మొగ్గ తొడుగుతాయి. అరకిలో బరువున్న పిట్ట సన్న కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతూ మొగ్గలు తుంచుకు తింటుంది, ఒకసారి ఆగి చూడండి. ఐవీ తీగ పళ్ళు కూడా ఇష్టంగా తింటాయి. పైగా జంటలు కట్టే కాలం. మంద విడిపోయి అడవంతా చెదిరిపోతుంది. బ్రిటన్‌లో దాదాపు 50 లక్షల జంటలు గూళ్ళు కడతాయని లెక్క, కాబట్టి పావురాలు లేవనడం మాత్రం కుదరదు. అవి మీ ముందు లేవు, అంతే.

ఇంకో సంగతి. ఆ రేప్ పంటే తగ్గిపోయింది. 2013 చివర్లో నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందుతో విత్తనశుద్ధి చేయడాన్ని ఆపేశాక ఫ్లీ బీటిల్ పురుగు లేత మొక్కల్ని ఖాళీ చేయడం మొదలుపెట్టింది. 2012లో 7 లక్షల హెక్టార్లు దాటిన పంట, పదేళ్ళు తిరక్కుండానే అందులో సగానికి కూడా రాకుండా పోయింది. మీకు సలహాలిచ్చే పెద్దాయన "మా రోజుల్లో రేప్ చేలో కూర్చుంటే చాలు" అంటే, ఆయన రోజుల్లో ఆ చేలు ఉండేవని గుర్తుపెట్టుకోండి.

మీరు ఇప్పుడు వెతకాల్సింది బఠాణీ చేను. ఫ్రోజెన్ బఠాణీ కోసం వేసే పంట సంగతి చెబుతున్నా. ఫ్యాక్టరీ అంతా ఒక్కరోజే తీసుకోలేదు కాబట్టి ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా విడతలు విడతలుగా విత్తుతారు. కోసిన 150 నిమిషాల్లో కాయ గడ్డకట్టాలన్నది వాళ్ళ లెక్క, అందుకే అంత వరస. దానివల్ల వసంతం పొడుగునా ఎక్కడో ఒక చేను రెండాకుల మీద ఉంటుంది. పావురానికి ఆ రెండాకులే కావాలి.

ఒక ఏప్రిల్ చివర్లో అలాంటి చేలోకే వెళ్ళాను. ముందురోజు రాత్రి రైతు ఫోన్ చేసి పై చేలో మొలకలు కొట్టేస్తున్నాయని గొడవ. ఢాం ఢాం అని చప్పుడు చేసి బెదిరించే గ్యాస్ గన్ పెట్టాడు, గాలిపటం ఎగరేశాడు, రెండు రోజులు బెదిరాయి, మూడో రోజు ఆ గన్ పక్కనే మేస్తున్నాయట. మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడు కూడా వస్తానంటే తీసుకెళ్ళాను, చూడ్డానికే. చేను గేటు దగ్గర కారాపి బైనాక్యులర్స్ తీసి కూర్చున్నాను. అరగంట గడిచింది. గంటా గడిచింది. కుర్రాడు ఫ్లాస్క్‌లో టీ అంతా తాగేశాడు.

"అన్నా, మనం వేటకొచ్చామా, పెళ్ళిచూపులకొచ్చామా?"

"పెళ్ళిచూపులకే. నువ్వు అటు పక్క యాష్ చెట్ల మీద కన్నేసి ఉంచు."

నిజానికి ఈ సీజన్‌లో షూటింగ్ అంటే ఆ గంటే. మిగతాదంతా సామాను మోయడం. పావురాలు యాష్ తోపులోంచి ఒంటరిగానో, జంటగానో లేస్తున్నాయి. కంచె మలుపులో ఉన్న ఓక్ చెట్టు మీద వాలి, కాసేపు చుట్టూ చూసుకుని, అప్పుడు చేలోకి జారుతున్నాయి. అదీ చేనంతా కాదు. దక్షిణపు వాలులో, మట్టి త్వరగా వేడెక్కి మొలక ముందొచ్చిన ఒక చెక్కలోనే. దూరం నుంచే అక్కడ పచ్చదనం పలచబడటం తెలుస్తోంది. మీరు రోజంతా కూర్చున్నానంటున్నారు, కూర్చునే ముందు ఎంతసేపు చూశారో మాత్రం రాయలేదు.

ఓక్ చెట్టుకు తుపాకీ అందే దూరంలో, హాథార్న్ పొద నీడన మేం దాక్కోవడానికి కర్రలు పాతి వల కట్టాం. గాలి నైరుతి నుంచి బాగా వీస్తోంది. గాలి లేకపోతే ఈ నెలల్లో ఇంటి దగ్గరుండి అంట్లు తోముకోవడం మేలు. డికాయ్‌లు, అంటే ఎరగా పెట్టే బొమ్మ పావురాలు, డజను మించి పెట్టలేదు, మధ్యలో దిగడానికి ఖాళీ వదిలాను. అప్పుడున్నది ఒకటీ రెండూ వచ్చే పిట్టలు, వాటికి యాభై డికాయ్‌ల జాతర చూపిస్తే అనుమానం రాదా? తిరిగే మాగ్నెట్ కారులోంచి దించనే లేదు. రెండు కడ్డీల కొసన డికాయ్ పావురాల్ని గిరగిరా తిప్పే ఆ మోటారును చలికాలమంతా చూసి బతికిన పావురాలే ఏప్రిల్‌కు మిగులుతాయి. దాన్ని చూడగానే పక్కకు కొట్టేసుకుని పోతాయి. వీడియోల్లో అది లేకుండా వేటే లేదన్నట్టు చెబుతారు, ఆ వీడియో కింద దాన్ని కొనే లింకు కూడా వాళ్ళే పెడతారు.

మొదటిది వచ్చేసరికి చాలాసేపైంది. ముందు రెక్కల మీది తెల్లపట్టీ కనపడుతుంది. డికాయ్‌ల మీదుగా ఒక చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా మళ్ళి, తోక విప్పి, కాళ్ళు కిందికి వదులుతుంది. నేను లేవబోతుండగా కుర్రాడు ఫోన్ పైకెత్తాడు. అద్దం తళుక్కుమంది. పావురం ఒక్క రెక్క మీద వాలిపోయి కంచె అవతలికి మాయం. ఆ తర్వాత వాడు ఫోన్ జేబులోంచి తీస్తే ఒట్టు.

సాయంత్రానికి ఇరవై కూడా కాలేదు. చాలు. రెండింటి మేత సంచులు కోసి చూశాను, ప్రతిసారీ చూస్తాను. మొదటిది తడిమితేనే గట్టిగా ఉంది, లోపలంతా బఠాణీ చిగుళ్ళు, తుంచిన కొసలు ఇంకా తడిగా, మధ్యలో ఉబ్బిన గింజలు. రెండోదాంట్లో బఠాణీ ఒక్కటీ లేదు. క్లోవర్ ఆకు, చెట్టు మొగ్గలు. రైతు మొదటిదాన్ని అరచేతిలో పోయించుకుని తిట్టుకున్నాడు. రెండోది చూపిస్తే చూడనే లేదు. రైతుకు చేలో దిగిన ప్రతి పావురమూ దొంగే, అతన్ని తప్పుపట్టను. పోతే, ఆ చెక్కలో మంద మళ్ళీ దిగలేదు, మొలకలు తేరుకున్నాయి. నా లెక్కలో కోత అయిన చేలో ఆగస్టులో కొట్టే రెండు వందల కంటే ఇది పెద్ద పని.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. చేను అంచున పబ్లిక్ ఫుట్‌పాత్ ఉంది. కుక్కతో ఒకావిడ వస్తుంటే తుపాకీ గొట్టాన్ని కిందికి మడిచి తెరిచి, తూటాలు తీసి పక్కన పెట్టాను. ఆవిడ ఆగి, గూళ్ళలో పిల్లలుంటాయి కదా, ఈ నెలలో ఎలా చంపబుద్ధేస్తుందని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. తల్లీ తండ్రీ ఇద్దరూ మేత సంచిలో ఊరే పాలు పట్టి పిల్లల్ని పెంచుతాయి, ఒకటి పోయినా నష్టమే. కాకపోతే వుడ్ పిజియన్ ఎక్కువగా పిల్లలు చేసేది పంట గింజ పట్టే కాలంలో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా. గూళ్ళ మీద జాలి ఉంటే ముందు ఆగస్టు వాళ్ళను అడగాలి. అదే చెప్పాను. ఆవిడకు నచ్చినట్టు లేదు, కుక్కను లాక్కుని వెళ్ళిపోయింది.

ఇక నా అసలు కోపం. ఇంగ్లండ్‌లో మనం కాలుస్తున్నది జనరల్ లైసెన్స్ జీఎల్42 కింద, అంటే విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేకుండా అందరికీ వర్తించే ప్రభుత్వ అనుమతి. అందులో ఉన్న కారణం పంటకు తీవ్రమైన నష్టం జరగకుండా ఆపడం. ముందు బెదిరించే పద్ధతులు ప్రయత్నించాలని కూడా ఉంది. సరదా అన్న కారణం అందులో లేదు. కోత అయిపోయిన చేలో రాలిన గింజలు తింటే రైతుకు పోయేదేంటి చెప్పండి? "ఇప్పుడు చంపితే చలికాలానికి తగ్గుతాయి" అంటారు. మర్టన్ అనే శాస్త్రవేత్త 1960ల్లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి, చలికాలపు కాల్పుల వల్ల సంఖ్య తగ్గడం లేదని, ఎన్ని బతకాలో మేతే తేలుస్తోందని చూపించాడు. ఆగస్టుకూ అదే వర్తిస్తుందని నా గట్టి నమ్మకం. తుపాకీ పనిచేసేది మొలక ఉన్న చేలో, మొలక ఉన్న రోజుల్లో.

2019లో ఏం జరిగిందో తెలుసా? వైల్డ్ జస్టిస్ అనే సంస్థ కోర్టులో సవాలు చేశాక, ఏప్రిల్ 25న పాత జనరల్ లైసెన్సులు రద్దయ్యాయి. పావురాల కోసం కొత్తది మే 3న వచ్చింది. సరిగ్గా బఠాణీ మొలకల రోజులు. రైతులు తలలు పట్టుకున్నారు. అప్పుడు గగ్గోలు పెట్టిన షూటర్లలో ఎంతమంది మామూలు ఏప్రిల్‌లో చేలోకి వస్తారని నా అనుమానం.

దీనికితోడు ఖర్చులు. కొత్త షాట్‌గన్ సర్టిఫికెట్ ఫీజు 2025 ఫిబ్రవరిలో 79.50 పౌండ్ల నుంచి 194 పౌండ్లకు వెళ్ళింది. నేనైతే రెన్యూవల్ ఫీజు కట్టి, డాక్టర్ కాగితం పెట్టి, దానికోసం నెలల తరబడి టెన్షన్ పడ్డాను, ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అన్న ఒక్క ముక్కే. ఇంకా చేలో ఖాళీ తూటాలు వదిలేసి పోయేవాళ్ళు ఒకరు. ఒకడు వదిలేస్తే రైతు అందరికీ గేటు మూస్తాడు.

మీ విషయానికొస్తే, ఈ వారమే రైతుకు ఫోన్ చేయండి. "పావురాలున్నాయా" అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే అంటారు. బఠాణీ ఏ చేలో ఎప్పుడు విత్తారు, తర్వాతి విడత ఎప్పుడు, అది అడగండి. విత్తిన తేదీకి రెండు మూడు వారాలు కలుపుకుని, గాలి ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి. మాగ్నెట్ ఇంట్లోనే ఉంచేయండి. వెంట ఎవరినైనా తీసుకెళ్తే ఫోన్ ముందే లాక్కోండి.