స్తంభం మీద వాలే గద్ద వల్ల దూడకు ప్రమాదం ఉంటుందా?

ప్రశ్న: మాకు రెండు గేదెలు, పాతిక దాకా నాటుకోళ్ళు ఉన్నాయి. నెల రోజులుగా కోడిపిల్లలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. పాక పక్కన కరెంటు స్తంభం మీద ఒక గద్ద గంటల తరబడి కూర్చుంటోంది. దాని కన్ను తెల్లగా, గొంతు తెల్లగా ఉండి మధ్యలో నల్లచార కనిపిస్తోంది. మా అబ్బాయి ఫొటో తీసి ఫోన్‌లో వెతికితే ‘బజార్డ్’ అని వచ్చింది. బజార్డ్‌లు అప్పుడే పుట్టిన దూడలను పొడిచి చంపుతాయని కూడా అందులోనే చదివాడు. మా గేదె ఈ నెలలో ఈనుతుంది. మాంసంలో గుళికల మందు కలిపి పెట్టమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా, మందు కలిపిన మాంసం పెట్టే ఆలోచన పూర్తిగా మానుకోండి. అందుకు కారణం తరువాత వివరిస్తాను. మీ అబ్బాయి ఫోన్ చెప్పిన పేరు సరైనదే, కానీ ఆ పేరుతో వెతికినప్పుడు దొరికిన సమాచారం మాత్రం వేరే ఖండంలోని వేరే పక్షికి సంబంధించినది. బ్రిటన్‌లో బజార్డ్ అంటే కుందేళ్ళను, ఎలుకలను వేటాడే ఒక మధ్యరకం గద్ద. అక్కడి నుంచి అమెరికాకు వలస వెళ్ళినవారు ఆకాశంలో గిరికీలు కొడుతూ కనిపించిన అక్కడి రాబందులను అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఆ అలవాటు అక్కడి పల్లెల్లో నేటికీ ఉంది. ఆ రాబందుల్లో నల్ల రాబందు అనే ఒక జాతి అప్పుడే పుట్టిన దూడల మీద, ఈనుతున్న ఆవుల మీద దాడి చేస్తుందని అమెరికా పశుపోషకులు ఫిర్యాదు చేస్తుంటారు. మీ అబ్బాయి చదివింది దాని గురించే. ఆ జాతి మన దేశంలో లేదు.

మీరు రాసిన గుర్తులను బట్టి మీ స్తంభం మీద వాలుతున్నది ఇంగ్లీషులో వైట్ ఐడ్ బజార్డ్ అనే పక్షి. ఇది దాదాపు కాకి పరిమాణంలో ఉండి, ఎత్తైన చోట కదలకుండా కూర్చుని నేలను గమనిస్తూ, మిడతలను, ఎలుకలను, తొండలను, కప్పలను చూడగానే కిందికి దిగి పట్టుకుంటుంది. దూడను గాయపరిచే శక్తి దీనికి లేదు. ఎలుకల బెడదకు ఖర్చు పెట్టే రైతు దీన్ని తరిమేయడం నష్టమేనని నా అభిప్రాయం. ఇదే పేరు తగిలించుకున్న మరో పక్షి, హనీ బజార్డ్, మన అడవుల్లోనూ తోటల్లోనూ తేనెతుట్టెలను, కందిరీగల గూళ్ళను చీల్చి లోపలి పిల్లపురుగులను తింటుంది. దాని వల్ల కూడా పశువులకు ఏ హానీ లేదు.

ఇక మన రాబందుల సంగతి. వాటి కాళ్ళకు వేటను పట్టి ఎత్తుకుపోయే బలం ఉండదు కాబట్టి అవి కళేబరాల మీదే బతుకుతాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను దెబ్బతీయడంతో దేశంలో కొన్ని జాతుల సంఖ్య తొంభై శాతానికి పైగా పడిపోయింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. మీ గేదెకు నొప్పి మందు అవసరమైతే మెలోక్సికామ్ రాయమని పశువైద్యుని అడగండి.

మరి కోడిపిల్లలను ఎత్తుకుపోతున్నదెవరు? పల్లెల్లో ఎక్కువగా ఈ పని చేసేది తోక చివర చీలినట్టుండే గోధుమరంగు గద్ద, లేదా చెట్ల మధ్య నుంచి తక్కువ ఎత్తులో దూసుకొచ్చే చిన్న డేగ. చలికాలం చివర నుంచి వేసవి దాకా గద్దలు గూళ్ళలో పిల్లలను మేపుతాయి కనుక ఆ నెలల్లో నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. తోక ఆకారం చూస్తే దొంగ ఎవరో మీకే తెలుస్తుంది. రాత్రిపూట పిల్లలు మాయమవుతుంటే మాత్రం గద్దలను అనుమానించకుండా పిల్లి, ముంగిస, పాముల సంగతి చూడండి.

పిల్లలకు ఆరు వారాలు నిండే వరకు వాటిని ఆరుబయట వదలకండి. తల్లితో పాటు గంప కింద కమ్మి ఉంచండి, లేదా పెరట్లో కొంత భాగానికి పైన పాత చేపల వల కట్టి అందులో తిరగనివ్వండి. దాక్కోవడానికి పొదలు, తక్కువ ఎత్తు చెట్లు ఉన్న పెరట్లో నష్టం బాగా తగ్గుతుంది. జొన్న చేలలో కట్టే మెరుపు రిబ్బన్లు కొద్దిరోజులు పనిచేస్తాయి, ఆ తరువాత పక్షులు వాటికి అలవాటు పడతాయి. కోడి కోసిన వ్యర్థాలను బయట పారేస్తే మీరే గద్దలను పిలిచినట్టవుతుంది, అందుకే వాటిని పూడ్చండి.

గేదె ఈనేటప్పుడు దగ్గర ఒక మనిషి ఉండాలి. దూడకు నిజమైన ప్రమాదం వీధికుక్కల నుంచి ఉంటుంది కాబట్టి పాకకు తడిక గట్టిగా బిగించండి. మాయ పడగానే లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చితే కుక్కలు, కాకులు, గద్దలు గుమిగూడవు.

గుళికల మందు కలిపిన మాంసాన్ని కోళ్ళ దొంగ ఒక్కటే తినదు. పక్కింటి కుక్క, మీ సొంత కోళ్ళు, ఎలుకలను తినే పక్షులు కూడా తిని చస్తాయి. ఈ పక్షులను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పొలంలో ఎలుకలకు బ్రోమాడయోలోన్ ఎర పెట్టినప్పుడు కూడా చచ్చిన ఎలుకలను రోజూ ఉదయమే ఏరి పూడ్చండి, లేకపోతే వాటిని తిన్న గద్దలకూ గుడ్లగూబలకూ ఆ విషం పాకుతుంది.