ఇస్రో ఉండగా ప్రైవేటు రాకెట్లు ఎందుకు? బాలానగర్ మెషిన్ షాపు నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇది: "ఇస్రో ఇంత తక్కువ ఖర్చుతో అన్నీ చేస్తుంటే స్కైరూట్, అగ్నికుల్ లాంటి ప్రైవేటు కంపెనీలు ఎందుకు? అంతరిక్షాన్ని వ్యాపారుల చేతికి అప్పజెప్పడం కాదా? రేపు చంద్రుడి మీద స్థలాలు కూడా వీళ్లే అమ్ముతారా?"

కావాలి. ఎప్పుడో రావాల్సినవి ఆలస్యంగా వచ్చాయి. నేను సైంటిస్టును కాదు. హైదరాబాద్ బాలానగర్‌లో మా నాన్న రెండు లేత్‌లతో మొదలుపెట్టిన షాపును ఇప్పుడు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషిన్లతో నేను నడుపుతున్నాను. జాబ్ వర్క్ చేస్తాం. ఎవరో డ్రాయింగ్ ఇస్తారు, మేం లోహాన్ని కోసి ఆ ఆకారం తెస్తాం. కాబట్టి నేను చెప్పేదంతా మెషిన్ పక్కన నిలబడి చూసినదే.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఇస్రో రాకెట్ అంటే చివరి బోల్టు దాకా ఇస్రోనే చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఏనాడూ అలా లేదు. పీఎస్‌ఎల్‌వీలో వాడే వికాస్ ఇంజిన్లు చేసిన కంపెనీల్లో ఒకటి మా బాలానగర్‌లోని ఎంటీఏఆర్. గోద్రెజ్, ఎల్ అండ్ టీ, వాల్‌చంద్‌నగర్ ఇవన్నీ దశాబ్దాలుగా ఇస్రోకు పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లోనే అనంత్ టెక్నాలజీస్ 1992 నుంచి ఉంది. అంటే ప్రైవేటు చేతులు ఎప్పటి నుంచో ఉన్నాయి, ప్రైవేటు ఆలోచనకే చోటు లేకపోయింది. డ్రాయింగ్ వాళ్లది, నిర్ణయం వాళ్లది, కొలత ప్రకారం చేసి ఇవ్వడం వరకే మన పని. ఈ ముక్కను ఇంకోలా చేస్తే తేలిక అని తెలిసినా నోరు మూసుకుని చేసేవాళ్లం, ఎందుకంటే అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. 2020 జూన్‌లో కేంద్రం ఈ రంగాన్ని తెరిచి, ప్రైవేటు కంపెనీలకు అనుమతులిచ్చే సంస్థగా ఇన్‌స్పేస్ ప్రకటించాక మారింది ఇదే.

ఆ మార్పు ఎలా ఉంటుందో ఒక ముక్క కథ చెబితేనే మీకు అర్థమవుతుంది. ఒక స్టార్టప్ నుంచి (పేరు చెప్పకూడదని ఒప్పందం) మాకో అల్యూమినియం హౌసింగ్ డ్రాయింగ్ వచ్చింది. నిండు బిల్లెట్‌ను (లోహపు దిమ్మను) లోపలంతా తవ్వేసి పల్చటి గోడలు మాత్రం మిగల్చాలి, పైకి వెళ్లే దేనికైనా ప్రతి గ్రాముకూ లెక్క ఉంటుంది కదా. పాకెట్ (తవ్వే గుంత) లోతు 40 మిల్లీమీటర్లు, లోపలి మూలల రేడియస్ 1.5 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. అంటే 3 మిల్లీమీటర్ల కట్టర్ అంత లోతుకు దిగాలి. ఏ మెషినిస్టును అడిగినా చెబుతాడు, అంత సన్నటి కట్టర్ అంత పొడుగు బయటకు పెడితే వంగుతుంది, వణుకుతుంది, గోడ మీద చారలు పడతాయి, చివరికి విరిగి జాబ్‌లోనే ఉండిపోతుంది.

ఫోన్ చేసి చెప్పాను. మామూలుగా అయితే "డ్రాయింగ్ ప్రకారం చెయ్యండి" అన్న జవాబు వస్తుంది. ఆ రాత్రి డిజైన్ చేసిన కుర్రాడే బైకు మీద వచ్చేశాడు. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు, మాట కోనసీమ యాస. మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి "అన్నా, ఈ మూల ఎంత గుండ్రంగా ఉంటే మీకు తేలిక?" అన్నాడు. 4 ఇస్తే 6 మిల్లీమీటర్ల కట్టర్‌తో హాయిగా పోతుంది తమ్ముడూ, కానీ బరువు పెరుగుతుందేమో అన్నాను. లెక్క వేసి చూశాడు. మూలకు అర గ్రాము కూడా పెరగదు, పైగా మూల గుండ్రంగా ఉంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ముక్క ఇంకా గట్టిపడుతుంది. అక్కడి నుంచే వాళ్ల పెద్దాయనకు ఫోన్ చేశాడు, ఆయన ఓకే అన్నాడు, మేం టీ తాగి వచ్చేలోపు మార్చిన డ్రాయింగ్ మెయిల్‌లో ఉంది.

మొదటి ముక్క క్లాంపులు విప్పగానే అడుగు భాగం విల్లులా వంగింది. బిల్లెట్ లోపల దాగి ఉన్న ఒత్తిడి అది, అంత లోహం తీసేస్తే బయటపడుతుంది. మా సీనియర్ ఆపరేటర్ ముందే అన్నాడు, పైపైన కోసి ఒకసారి విప్పేసి, ముక్కను కాసేపు దాని మానాన వదిలేసి, మళ్లీ మెల్లగా బిగించి చివరి కోత వెయ్యాలని. ఆ కుర్రాడు "బాబాయ్, ఇంకోసారి చెప్పండి" అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు డ్రాయింగ్ కింద నోట్‌గా టైపు చేశాడు. వంగిన ముక్కను పారేయనివ్వలేదు, "వైబ్రేషన్ టెస్టుకు ఇదే పెడతాం, ఎక్కడ పగులుతుందో చూడాలి" అంటూ సంచిలో వేసుకుపోయాడు. మా బాబాయ్ జీవితమంతా రకరకాల పెద్ద సంస్థలకు ముక్కలు చేశాడు. ఆయన మాట ఒక డ్రాయింగ్ మీదకు ఎక్కడం అదే మొదటిసారి. ఆ ప్రింటు ఇప్పటికీ ఆయన టూల్ పెట్టె మూత లోపల అంటించి ఉంది.

ఇలాంటి మార్పే ఒక పెద్ద సంస్థను అడిగాం అంతకుముందు (ఏ సంస్థో అనవసరం). డీవియేషన్ (డ్రాయింగ్ నుంచి పక్కకు జరిగే అనుమతి) కోసం అర్జీ పెట్టమన్నారు, కమిటీ కూర్చుంటుంది అన్నారు, కమిటీలో ఒకాయన సెలవు, ఇంకొకాయన బదిలీ. చివరికి అదే పాత డ్రాయింగ్‌తో, విరిగిన కట్టర్ల ఖర్చు మేమే భరించి, చేసిచ్చాం. బిల్లు ఇంకో కథ. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం ఉంది, పెద్ద సంస్థలకు అది గుర్తుండదు, మాకు మాత్రం జీఎస్టీ నెల తిరిగేసరికి కట్టాలి, రాని డబ్బు మీద కూడా. ఎల్-1 టెండరు గురించి చెప్పనే అక్కర్లేదు, ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడికే పని, ఎవడు బాగా చేస్తాడన్నది ఎవరికీ పట్టదు. అందులో మనుషులు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. మంచి ఇంజినీర్లే. కానీ మూల రేడియస్ మార్చి తేడా వస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి, మార్చకపోతే ఎవరూ అడగరు. ఎవరైనా ఏం చేస్తారు?

రాకెట్ల విషయంలో అసలు తేడా ఇక్కడే ఉంది. తప్పు జరిగితే తట్టుకునే శక్తి ఎవరికి ఉంది అన్నదే లెక్క. అమెరికా ప్రైవేటు కంపెనీ స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 1 రాకెట్ 2006 నుంచి 2008 దాకా వరుసగా మూడుసార్లు పోయింది, నాలుగోది 2008 సెప్టెంబరు 28న కక్ష్యకు చేరింది. మూడోది పోయిన రెండు నెలల్లోనే నాలుగోది ఎగిరింది! ప్రభుత్వ సంస్థకు ఇది సాధ్యమా? మన ఎస్‌ఎల్‌వీ-3 కూడా 1979 ఆగస్టులో సముద్రంలో పడింది, అప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ లాంటి మనిషి ముందు నిలబడి బాధ్యత తన మీద వేసుకున్నాడు కాబట్టి మర్నాటి ఏడాది జులైలో గెలిచాం. ఇప్పుడు అలా పోతే మన టీవీ చానళ్లు ఏం చేస్తాయో ఊహించుకోండి. ప్రయోగం జరిగితే "సినిమా బడ్జెట్ కన్నా తక్కువ ఖర్చు" అని ఊదరగొడతారు, విఫలమైతే "ప్రజాధనం సముద్రం పాలు" అంటారు. ఈ రెండు మాటలూ నాకు ఒళ్లుమంట. తక్కువ ఖర్చు అంటే గొప్ప కాదు, ఆ ఖర్చులో మా లాంటి షాపులకు ఆలస్యంగా వచ్చిన డబ్బులు, జీతం తక్కువైనా ఉండిపోయిన ఇంజినీర్ల జీవితాలు కలిసి ఉన్నాయి.

2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ ఎగిరింది. ఆరు మీటర్ల చిన్న రాకెట్, 545 కిలోలు, 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి బంగాళాఖాతంలో పడింది. కక్ష్యలోకి కూడా వెళ్లలేదు కదా అని తీసిపారేసినవాళ్లు ఉన్నారు. ఇస్రో నుంచి బయటకు వచ్చి 2018లో హైదరాబాద్‌లో కంపెనీ పెట్టిన ఇద్దరు తెలుగు కుర్రాళ్లు నాలుగేళ్లలో అక్కడిదాకా వెళ్లారంటే దాని విలువ ఎత్తు బట్టి లెక్కపెట్టకూడదు. ఆ రాకెట్‌లో ఒక పేలోడు (మోసుకెళ్లిన పరికరం) ఆంధ్రా కంపెనీ ఎన్ స్పేస్‌టెక్‌ది. వారం తిరగ్గానే మన హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ చిన్న ఉపగ్రహాలు రెండు పీఎస్‌ఎల్‌వీలో వెళ్లాయి. 2024 మే 30న చెన్నై అగ్నికుల్ వాళ్లు ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేసిన ఇంజిన్‌తో శ్రీహరికోటలోనే సొంత ప్యాడ్ నుంచి ఎగిరారు. మా పని తెలిసినవాడికి ఆ చివరి వాక్యం చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. వందల ముక్కలు కోసి అతికించే ఇంజిన్, ఒకే ముక్క! రేపు మా షాపుకు కొంత పని పోతుంది దానివల్ల, అయినా సరే రావాలి.

"వ్యాపారుల చేతికి అప్పజెప్పడం" అన్నారు. అమెరికాలో జరిగింది చూడండి. 2011లో స్పేస్ షటిల్ ఆగిపోయాక వాళ్ల వ్యోమగాములు రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కుని వెళ్లారు, దాదాపు తొమ్మిదేళ్లు. ఆ గోతిలోంచి బయటకు తీసింది స్పేస్‌ఎక్స్ వాళ్ల ప్రైవేటు క్యాప్సూల్, 2020 మేలో. దాన్ని మోసుకెళ్లే ఫాల్కన్ 9 రాకెట్‌ను పాత పద్ధతిలో తామే చేయించి ఉంటే దాదాపు 400 కోట్ల డాలర్లు అయ్యేదని నాసా 2011లో స్వయంగా అంచనా వేసింది. కంపెనీకి అయింది సుమారు 30 కోట్ల డాలర్లు. నాసా చేసిన తెలివైన పని ఏమిటంటే ప్రతి బోల్టు ఇలాగే ఉండాలని చెప్పకుండా, సరుకు అంతరిక్ష కేంద్రానికి చేర్చు, డబ్బు తీసుకో అంది. ప్రభుత్వం యజమానిగా కాకుండా కొనేవాడిగా కూర్చుంది. మన వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లింది కూడా ఆ ప్రైవేటు క్యాప్సూల్‌లోనే. అంతకుముందు ఆయన్ను తీసుకెళ్లాల్సిన ఫాల్కన్ 9లో ఆక్సిజన్ లీకు బయటపడితే, సరిచేసి పరీక్షించేదాకా ఎగరకూడదని మన ఇస్రో బృందం పట్టుబట్టింది. చూడండి, ప్రైవేటు వచ్చినంత మాత్రాన ఇస్రో పని అయిపోదు. గట్టిగా ప్రశ్నించే కొనుగోలుదారు లేకపోతే ప్రైవేటు కూడా పాడవుతుంది.

ఇస్రోలో పెరిగినవాళ్లు బయటకు పోతే ఇస్రో ఖాళీ అవుతుంది అనే బాధ మీ ప్రశ్న కింద ఒకరు రాశారు. బాలానగర్ వాడిగా దీనికి నా దగ్గర గట్టి జవాబు ఉంది. ఇక్కడ ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఉండేది, మా నాన్న దాని పంపులకు షాఫ్టులు చేసేవారు. అక్కడ పని నేర్చుకుని బయటకు వచ్చినవాళ్లలో అంజిరెడ్డి గారు ఒకరు, ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలా బయటకు వచ్చినవాళ్ల వల్లే హైదరాబాద్ మందుల రాజధాని అయింది. ఐడీపీఎల్ మాత్రం మూతపడింది, దాని గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇస్రోకు ఆ గతి పట్టకూడదు అంటే రోజువారీ ప్రయోగాల బరువు దాని మీద నుంచి దించాలి. పీఎస్‌ఎల్‌వీల తయారీని హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీలకు ఇవ్వడం సరైన పని. చంద్రయాన్, ఆదిత్య లాంటివి ఏ కంపెనీ చెయ్యదు, లాభం లేదు కాబట్టి. ఇస్రో ఇంజినీర్లు అవి చెయ్యాలి.

చంద్రుడి మీద నివాసం మాట. ఇది ప్రభుత్వాలతో అయ్యే పని కాదని నేను గట్టిగా నమ్ముతాను. అపోలో చూడండి, 1969 నుంచి 1972 దాకా ఆరుసార్లు దిగారు, జెండా పాతారు, బడ్జెట్ కోశారు, అయిపోయింది. 1972 డిసెంబరు తర్వాత మనిషి అక్కడ కాలు పెట్టలేదు. ఎందుకంటే అక్కడ ఉండటం వల్ల బతుకుతెరువు దొరికేవాడు ఎవడూ లేడు. ఒక చోట మనుషులు నిలవాలంటే నీళ్లు అమ్మేవాడు, రిపేరు చేసేవాడు, సరుకు మోసేవాడు కావాలి. నీటి జాడ మన చంద్రయాన్-1 చూపించింది, దక్షిణ ధ్రువం వైపు చంద్రయాన్-3 దిగి చూపించింది. అక్కడి మంచు తవ్వి ఆక్సిజన్ తీసి అమ్మే పని మాత్రం ప్రభుత్వ శాఖ చెయ్యదు, చెయ్యలేదు. 2025 మార్చిలో ఫైర్‌ఫ్లై అనే ప్రైవేటు కంపెనీ ల్యాండర్ చంద్రుడి మీద నిటారుగా దిగి పనిచేసింది, అందులోనూ నాసా సరుకు పంపిన కస్టమరే.

స్థలాలు అమ్ముతారా అంటే, అమ్మలేరు. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాడు, తన దేశపు కంపెనీ చేసే పనికి ఆ దేశమే బాధ్యత వహించాలి. అయితే తవ్వి తీసినది తవ్వినవాడిదే అని అమెరికా 2015లో చట్టం చేసుకుంది. మనం 2017లో ముసాయిదా బిల్లు రాసుకున్నాం, 2023లో విధానం ప్రకటించాం, చట్టం మాత్రం ఇంకా రాలేదు. మీ భయం నిజంగా పట్టుకోవాల్సింది ఇక్కడ. మన కంపెనీ రాకెట్ శకలం పక్క దేశంలో పడితే నష్టం ఎవరు ఎంత కట్టాలి, బీమా ఎంత, ఇవి పార్లమెంటు చట్టంలో ఉండాలి. అది లేకపోవడం వల్ల పెద్ద కంపెనీ ఎలాగో లాయర్లను పెట్టుకుని నెట్టుకొస్తుంది, చిన్నవాళ్లకే అప్పు పుట్టదు. ఈ రంగం మీద కోపం ఉన్నా, ప్రేమ ఉన్నా, మీ ఎంపీకి ఒక ఉత్తరం రాసి ఆ బిల్లు సంగతి అడగండి. నేను రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.