వింటర్ కార్నివాల్‌కి వెళ్ళండి, స్కీయింగ్ ఈ ఏడాదికి వద్దు

ప్రశ్న: మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. పిల్లలకు పదేళ్ళు, ఆరేళ్ళు. ఫిబ్రవరిలో కొలరాడో కొండల్లోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ ఊళ్ళో జరిగే వింటర్ కార్నివాల్ అనే పండగకి మా ఫ్రెండ్స్ మూడు కుటుంబాలవాళ్ళు ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారు. మూడు రాత్రులు. ఇంటి అద్దెలో మా వాటా 1,800 డాలర్లు, స్కీ టికెట్లు, పిల్లల క్లాసులు 2,200, బట్టలు, బూట్లు, స్కీల అద్దె 800, తిండి, పెట్రోలు 400. మొత్తం 5,200. మా దగ్గర 700 ఉన్నాయి. మిగతా 4,500 క్రెడిట్ కార్డు మీద పెట్టాలి. ఆ కార్డులో ఇప్పటికే 6,200 బాకీ ఉంది. వడ్డీ 24 శాతం, నెలకు 300 కడుతున్నాం. ట్యాక్స్ రిఫండ్ వచ్చాక సర్దుకుందాం అంటారు మావారు. మేం రాలేం అంటే ఫ్రెండ్స్ ఏమనుకుంటారో అని నా టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళండి. కానీ ఆ 700 డాలర్లతోనే వెళ్ళండి, కార్డు ఇంట్లో పెట్టేసి.

ముందు కార్డు లెక్క చూద్దాం, ఎందుకంటే ఇది ఎవరూ కూర్చుని వేసుకోరు. ఇక కొత్తగా ఏమీ వాడకుండా నెలకు 300 చొప్పున కడితే 6,200 బాకీ దాదాపు 27 నెలల్లో తీరిపోతుంది. దానికి 4,500 కలిపారంటే 10,700 అవుతుంది. దాని మీద నెల వడ్డీయే 214. మీరు కట్టే 300లో అసలుకి పోయేది 86 డాలర్లే. బాకీ తీరడానికి 63 నెలలు పడుతుంది. అంటే అదనంగా మూడేళ్ళు, నెలకు 300 చొప్పున 10,800 డాలర్లు. కార్డు మీద పెట్టిన ఆ 4,500కి మీరు నిజంగా చెల్లించేది అది. అప్పటికి మీ పెద్దబ్బాయో అమ్మాయో హైస్కూల్లో ఉంటారు.

ఇక మీరు రాసిన ఖర్చుల్లో కార్నివాల్‌ది ఎంతో ఒకసారి చూడండి. దాదాపు ఏమీ లేదు! ఇల్లు, లిఫ్ట్ టికెట్లు (స్కీ చేయడానికి కొండపైకి చేర్చే లిఫ్ట్‌కి కొనేవి), క్లాసులు, బట్టలు, ఇవన్నీ స్కీయింగ్ ఖర్చులు. పండగ వేరు, స్కీయింగ్ వేరు. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే వారాంతంలో ఉన్నాయి కాబట్టి కలిసిపోయినట్టు కనిపిస్తాయి, అంతే.

ఆ కార్నివాల్ 1914లో మొదలైంది. కార్ల్ హోవెల్సెన్ అనే నార్వే ఆయన ఆ ఊరివాళ్ళ చేత స్కీలు కట్టించి మొదలుపెట్టిన పండగ. పొడుగాటి చలికాలంలో ఇళ్ళలో ముడుచుకుపోయినవాళ్ళని బయటికి లాగడానికి పెట్టింది. ఇప్పటికీ దాని అసలు అందమంతా వీధిలోనే ఉంటుంది. ఊరి మెయిన్ రోడ్డు లింకన్ అవెన్యూ మీద మంచు తెచ్చి పరుస్తారు. గుర్రం పరిగెడుతుంటే వెనక తాడు పట్టుకుని స్కీల మీద పిల్లలు జారుతూ వస్తారు. పెద్దవాళ్ళు మంచు ఎత్తే పార మీద కూర్చుని గుర్రం చేత లాగించుకుంటారు. హైస్కూలు బ్యాండు స్కీలు వేసుకునే వాయించుకుంటూ వస్తుంది. శనివారం రాత్రి ఊళ్ళోనే ఉన్న హోవెల్సెన్ హిల్ అనే కొండ మీద బాణసంచా, ఒళ్ళంతా దీపాలు కట్టుకుని, వీపు మీంచి తారాజువ్వలు వదులుతూ కొండ దిగే మనిషి. మీ ఆరేళ్ళ పిల్లకైనా పిల్లాడికైనా ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? వీటికి కార్నివాల్ బటన్లు, అంటే టికెట్ బదులు బట్టలకి తగిలించుకునే బిళ్ళలు, కొనుక్కోవాలి. లిఫ్ట్ టికెట్ ముందు ఆ ధర ఏపాటిది? పైగా ఆ డబ్బు ఊరి పిల్లలకు స్కీ నేర్పే వింటర్ స్పోర్ట్స్ క్లబ్బుకి వెళ్తుంది. కాబట్టి నలుగురికీ కొనండి, అక్కడ పొదుపు వద్దు.

పొదుపు చేయాల్సింది గది దగ్గర. ఒక్క రాత్రి చాలు, శనివారం. స్టీమ్‌బోట్‌లో కాకుండా పడమరగా 40 మైళ్ళ పైచిలుకు దూరంలో ఉన్న క్రెయిగ్‌లో చూడండి. అక్కడ మామూలు మోటళ్ళుంటాయి. ఆ రాత్రే డెన్వర్ తిరిగి వచ్చేద్దాం అనుకోవద్దు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని దారిలోని రాబిట్ ఇయర్స్ పాస్ అనే కనుమ చీకట్లో దాటడం నాకు ఇష్టం లేదు, గది డబ్బు మిగిలినా సరే. పులిహోర, చపాతీలు కట్టుకెళ్ళండి. స్నో ప్యాంట్లు, జాకెట్లు తెలిసినవాళ్ళ పిల్లలవి అడగండి. వచ్చే ఏడాదికి పొట్టి అయిపోయే బట్టలకి వందలు పోయడం దండగ. కొంటే మంచి బూట్లు కొనండి, వీధిలో గంటల తరబడి నిలబడాలి కదా.

రిఫండ్ సంగతి. ఇంకా రాని డబ్బు, ఎంతొస్తుందో తెలియని డబ్బు. దాన్ని ట్రిప్పుకి రాసేశారంటే పాత బాకీకి ఏమీ మిగలదు. వచ్చినరోజే మొత్తం కార్డుకి కట్టేయండి. నెలకు 300 బదులు 400 కట్టగలిగితే, రిఫండ్ లెక్కలో వేసుకోకపోయినా 19 నెలల్లో బయటపడతారు.

పిల్లలు స్కీయింగ్ అడుగుతారు, అది సహజం. బాకీ తీరాక, ఆ 400లో కొంత విడిగా సేవింగ్స్ ఖాతాలో వేసుకోండి. స్కీ పాసులు సీజన్‌కి చాలా ముందు, వసంతంలో కొంటే చవక. లాంగ్ వీకెండ్‌లో అప్పటికప్పుడు కౌంటర్ దగ్గర కొన్నవాళ్ళకే వాత. హోవెల్సెన్ హిల్ ఊరి మున్సిపాలిటీదే. ఈమధ్య సీజన్లలో ఆదివారాలు అక్కడ ఉచితంగా స్కీ చేయనిస్తున్నారు. కార్నివాల్ లేని ఆదివారం చూసుకుని, సిటీ వెబ్‌సైట్‌లో ఖాయం చేసుకుని వెళ్తే స్కీల అద్దె ఒక్కటే ఖర్చు.

ఫ్రెండ్స్‌కి అబద్ధాలు, సాకులు ఏమీ వద్దు. “ఈసారి ఇంట్లో వాటా పెట్టుకోలేం, శనివారం లింకన్ అవెన్యూలో కలుస్తాం” అని ఇవాళే చెప్పండి. ఆలస్యం చేస్తే వాళ్ళు పెద్ద ఇల్లు బుక్ చేసేస్తారు, అప్పుడు నిజంగానే బాధపడతారు. ఆ మూడు కుటుంబాల్లో ఇంకెవరికైనా ఇదే ఇబ్బంది ఉండి, నోరు తెరవలేక ఊరుకున్నారేమో కూడా.

బయల్దేరే ముందు టైర్లు చూపించుకోండి. చలికాలంలో ఐ-70 హైవే కొండదారిలో మంచుకి తగిన టైర్లు, వాటి గాళ్ళకి చాలినంత లోతు ఉండాలన్నది చట్టం. లేకపోతే వంద డాలర్లకు పైగా జరిమానా, బండి అడ్డంపడి దారి మూసుకుపోతే 650కి పైనే. అరిగిన టైర్లయితే ఆ 700 ముందు వాటికే పెట్టి, కార్నివాల్ వచ్చే ఏడాదికి వాయిదా వేయండి.