డాబా మీద షెడ్డు: చదరపు అడుగు రేటు చూడకండి, కిలోలు అడగండి

ప్రశ్న: మాది విజయవాడ. సొంత ఇల్లు. బట్టలు ఆరేసుకోవడానికీ, సాయంత్రాలు కూర్చోవడానికీ డాబా మీద 20×15 అడుగుల రేకుల షెడ్డు వేయిద్దామనుకుంటున్నాం. ఒకాయన చదరపు అడుగుకు రూ.320 అన్నారు, ఇంకొకాయన రూ.460. ఇద్దరూ చూపించింది ఒకే రంగు రేకు. చేతిలో రూ.2 లక్షల ఎఫ్‌డీ (7 శాతం) ఉంది, గడువు ఇంకా 8 నెలలు. అవసరానికి దాచుకున్నది అదొక్కటే. ఇంటి ఖర్చు నెలకు రూ.30 వేలు. పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామంటున్నారు. పని ఎవరికి ఇవ్వాలి? డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

జవాబు: రేకు ఒకటే అయినప్పుడు అడుగుకు 140 రూపాయల తేడా ఎక్కడిది? చాలావరకు ఇనుముదే అయి ఉంటుంది. ఇద్దరినీ పైపు సైజు, మందం, మొత్తం ఎన్ని కిలోలు పడుతుందో కాగితం మీద రాసిమ్మనండి. 2 అంగుళాల 16 గేజి (1.6 మి.మీ.) చదరపు పైపు మీటరుకు దాదాపు 2.4 కిలోలు తూగుతుంది. 3 అంగుళాలదని అమ్మే 72 మి.మీ. పైపు 3.2 మి.మీ. మందంలో 6.7 కిలోలు. తొమ్మిదడుగుల స్తంభాలు ఆరు తీసుకుంటే మొదటిది 40 కిలోలు, రెండోది 110 కిలోలు. రంగు వేశాక రెండూ కంటికి బాగానే ఉంటాయి.

ఇనుము మందంగా ఎందుకుండాలంటే, షెడ్డుకు అసలు ప్రమాదం పైనుంచి పడే బరువుతో కాదు, కిందినుంచి ఎత్తేసే గాలితో. భారతీయ ప్రమాణాల ప్రకారం విజయవాడ, విశాఖలకు లెక్కలోకి తీసుకోవలసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. అందులో సగమే పైకి లాగిందనుకున్నా, 16×15 అడుగుల కప్పును (ఇంతకే తగ్గించమని కింద చెబుతాను) టన్నున్నరకు పైగా బలంతో ఎత్తుతుంది. ఆ షెడ్డు మొత్తం బరువు 400 కిలోల చుట్టూ ఉంటుంది. కాబట్టి బరువొక్కటే చాలదు, దాన్ని పట్టి ఉంచాల్సింది కింద బిగింపే.

బిగింపు దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. పిట్టగోడకు స్తంభాలు బిగించనివ్వకండి. అది నాలుగంగుళాల ఇటుక గోడ, లాగుడుకు ఆగదు. శ్లాబుకు నడిమధ్య కన్నాలు వేసి బోల్టులు కొట్టడమూ వద్దు. నాలుగైదు అంగుళాల శ్లాబులో బోల్టుకు పట్టు తక్కువ, లోపలి కరెంటు గొట్టం తెగొచ్చు, ఆ కన్నం వెంట నీరు దిగి కింది గది సీలింగు పాడవుతుంది. షెడ్డు స్తంభాలు ఇంటి పిల్లర్ల మీద, కుదరనివి బీముల మీద రావాలి. పై అంతస్తుకని వదిలిన ఊచలుంటే వాటిని కలుపుకొని, పక్కన స్తంభానికి చోటుండేలా అడుగెత్తు కాంక్రీటు దిమ్మె పోయించండి. పోసేటప్పుడే నాలుగు 12 మి.మీ. బోల్టులు ఊచలకు కట్టి పాతాలి. ఏడు రోజులు నీళ్లు పట్టాక బేస్ ప్లేటు (స్తంభం అడుగున ఉండే ఇనుప పలక) బిగించాలి. రేపు మేడ వేసుకుంటే నట్లు విప్పి ఇనుము మళ్లీ వాడుకోవచ్చు, మీరు పెట్టిన డబ్బులో కొంత అలా నిలబడుతుంది.

ఇక విస్తీర్ణం. నా సలహా: 20 అడుగులను 16కు తగ్గించండి, ఇనుము మాత్రం తగ్గించకండి. 240 చదరపు అడుగులకు రూ.460 చొప్పున రూ.1,10,400 అవుతుంది. రేకు ఒక్కోటి మీటరు వెడల్పు కప్పుతుంది కాబట్టి 5 రేకులు సరిపోతాయి. వాలు అడుగుకు అంగుళం, అంటే 15 అడుగులకు 15 అంగుళాలు. చూరుతో కలిపి 16 అడుగుల ఒకే రేకు తెప్పిస్తే మధ్యలో అతుకుండదు. అడ్డ పైపులు మూడడుగులకొకటి, 60×40 మి.మీ., 2 మి.మీ. మందం. స్తంభాల మధ్య ఉండే ఎనిమిదడుగుల దూరానికి 2×1 అంగుళాల పైపు చాలదు. రేకు మందం '0.5' మి.మీ. అన్నప్పుడు అది రంగుతో కలిపా, ఉత్త లోహమా అని అడగండి. స్క్రూలు రబ్బరు వాషరుతో, రేకు గట్టు మీద పడాలి. వాషరు చితికేలా బిగిస్తే రెండేళ్లకు కారడం మొదలవుతుంది. కోత, డ్రిల్లింగ్ పొట్టు అదే రోజు ఊడ్పించండి, ఒక్క వానకు అది తుప్పు మచ్చలై కూర్చుంటుంది.

డబ్బు విషయం. మీరనుకున్న 20×15కే రూ.460 చొప్పున అయ్యే రూ.1,38,000ను పర్సనల్ లోన్‌గా మూడేళ్లకు 14 శాతంతో తీసుకుంటే ఈఎంఐ రూ.4,716, వడ్డీయే దాదాపు రూ.31,800. ప్రాసెసింగ్ ఫీజు అదనం. వద్దు. ఎఫ్‌డీని పగలగొట్టడం కూడా వద్దు, వడ్డీలో కోత పడుతుంది. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ హామీగా, వాడుకున్న మేరకే వడ్డీ కట్టే అప్పు) అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకి ఒక శాతం ఎక్కువ, అంటే మీకు 8 శాతం. రూ.1.10 లక్షలు 8 నెలలు వాడుకుంటే వడ్డీ సుమారు రూ.5,870. అదే మొత్తం మీద ఎఫ్‌డీ మీకు రూ.5,130 తెస్తూనే ఉంటుంది. మీకు పడే భారం ఏడెనిమిది వందలే. పైగా రూ.90 వేలు, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు, ముట్టకుండా మిగులుతుంది. విస్తీర్ణం తగ్గించమన్నది ముఖ్యంగా ఇందుకే. ఈఎంఐగా కట్టగలమనుకున్న ఆ రూ.4,700ను నెలనెలా ముందు ఓవర్‌డ్రాఫ్ట్‌లో, గడువు తీరి లెక్క సరిచేశాక ఆర్‌డీలో వేయండి. రెండేళ్లలో మళ్లీ రూ.2 లక్షలు చేతిలో ఉంటాయి.

పని మొదలుపెట్టకముందే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలిసి అనుమతి, ఇంటి పన్ను సంగతి కనుక్కోండి. ఇంటికి బీమా ఉంటే షెడ్డు విలువ కూడా కలిపి రాయించండి. బిల్లు జీఎస్టీతోనే తీసుకుని దాచండి, ఇల్లు అమ్మే రోజున పన్ను లెక్కలో మెరుగుదల ఖర్చుగా చూపడానికి పనికొస్తుంది.

చెల్లింపు ఒకేసారి వద్దు. అడ్వాన్సు 30 శాతం. ఇనుము మీ గుమ్మంలో దిగి, కాటా రసీదు రాసిచ్చిన కిలోలతో సరిపోయాక 40. రేకులు పరిచాక 20. మిగిలిన 10 శాతం మొదటి గట్టి వాన దాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఆ వాన వెలిశాక కింది గది సీలింగు, దిమ్మెల చుట్టూ, ప్రతి స్క్రూ కిందా చూసుకుని అప్పుడివ్వండి.