ఏజెన్సీ ఉద్యోగం: నెల జీతం కాదు, ఏడాది రాబడి చూడండి

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. బీకాం చదివాను. విశాఖపట్నం గాజువాకలో అద్దె ఇంట్లో అమ్మతో, ఇంటర్ చదువుతున్న తమ్ముడితో ఉంటున్నాను. డాబా గార్డెన్స్‌లోని ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. జీతం 17,000 రూపాయలు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) లేవు. ఇంటి ఖర్చు నెలకు 13,500. ఇప్పుడు ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా ఆటోనగర్‌లోని లాజిస్టిక్స్ సంస్థలో 11 నెలల కాంట్రాక్టు మీద ఉద్యోగం వచ్చింది. సీటీసీ (నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 22,600 అని, అందులో గ్రాస్ (కోతలకు ముందు జీతం) 20,000, బేసిక్ (మూల వేతనం) 15,000 అని చెప్పారు. చేరేముందు 8,000 డిపాజిట్ కట్టమంటున్నారు. బాగా పనిచేస్తే కంపెనీ పర్మనెంట్ చేస్తుందని కూడా అన్నారు. చేరాక వాయిదాల మీద స్కూటీ తీసుకోవాలని ఉంది. చేరమంటారా?

జవాబు: చేరవచ్చు. అయితే డిపాజిట్ కట్టకుండా, స్కూటీ వాయిదా నెత్తిన పెట్టుకోకుండా చేరాలి. ఎందుకో లెక్కతో వివరిస్తాను.

రెండు ఉద్యోగాల మధ్య తేడా నెలకు 5,600 రూపాయలని మీకు అనిపించి ఉంటుంది. కానీ 22,600లో యజమాని వాటాగా పీఎఫ్‌కు, దాని బీమా, నిర్వహణ చార్జీలకు కట్టే 1,950 రూపాయలు, ఈఎస్ఐకి కట్టే 650 రూపాయలు కలిసే ఉన్నాయి. మిగిలిన 20,000 నుంచి మీ వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150 పోగా మీ చేతికి వచ్చేది 17,900. అంటే నెలకు చేతికి అదనంగా అందేది 900 రూపాయలు మాత్రమే.

అసలు పరీక్ష కాంట్రాక్టు ముగిసిన తర్వాత ఎదురవుతుంది. దుకాణంలో ఏడాది పొడవునా పనిచేస్తే మీకు 2,04,000 వస్తాయి. ఏజెన్సీ ఉద్యోగంలో 11 నెలలు పనిచేసి, పొడిగింపు కోసమో మరో చోటు కోసమో ఒక నెల ఖాళీగా ఉంటే చేతికి వచ్చేది 1,96,900, అంటే ఇప్పటికన్నా 7,100 తక్కువ. అయితే మీ పీఎఫ్ ఖాతాలో నెలకు 2,350 చొప్పున 25,850 చేరుతుంది కాబట్టి మొత్తం మీద మీరు 18,750 లాభంలో ఉంటారు. ఇందులో మీ 1,800తో పాటు యజమాని వాటాలోని 550 ఉంది. ఆ వాటాలో మిగిలిన 1,250 పింఛను నిధికి వెళుతుంది, దాన్ని నేను ఈ లెక్కలో కలపలేదు. అదే ఒక ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా ఉండవలసి వస్తే పది నెలల జీతం, పీఎఫ్ కలిపి 2,02,500కు దిగి, దుకాణం జీతానికి దాదాపు సమానమైపోతుంది. మూడో నెల కూడా ఖాళీగా గడిస్తే మీరు నష్టపోతారు. కాబట్టి ఈ ఉద్యోగం మంచిదా కాదా అన్నది కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య వచ్చే ఖాళీ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. పొడిగింపు నిర్ణయం ఎవరిది, ఎన్ని రోజుల ముందు చెబుతారు, విరామం లేకుండా కొనసాగిస్తారా అన్న మూడు విషయాలూ ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి. విరామం సంగతికి మరో కారణమూ ఉంది: 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) హక్కు వస్తుంది, మీ కాంట్రాక్టేమో 11 నెలలకే ఆగుతోంది.

అయినా చేరవచ్చని అనడానికి నాకు బలమైన కారణం ఈఎస్ఐ. నెల వేతనం 21,000 దాటని వారికి వర్తించే ఈ పథకంలో, మీ మీద ఆధారపడిన అమ్మగారికి కూడా చేరిన నాటి నుంచే వైద్యం అందుతుంది, మల్కాపురంలోని ఈఎస్ఐ ఆసుపత్రి మీకు దగ్గరే. మీరే జబ్బుపడి పనికి వెళ్లలేకపోతే, తగినన్ని రోజుల చందా ఉన్న పక్షంలో, ఏడాదికి 91 రోజుల వరకు సగటు వేతనంలో 70 శాతం చెల్లిస్తారు. మీ సంపాదనే ఆధారమైన ఇంటికి ఈ రక్షణ నెలకు వచ్చే 900 కన్నా ఎంతో విలువైనది. పీఎఫ్ సభ్యత్వంతో పాటు గరిష్ఠంగా 7 లక్షల వరకు ప్రాణ బీమా కూడా వస్తుంది. ఇవన్నీ కాక ఒక పెద్ద సంస్థలో పనిచేసిన అనుభవం, బ్యాంకులో చూపించగల జీతం స్లిప్పులు మిగులుతాయి. (మీ దుకాణంలో పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేస్తూ ఉంటే అక్కడ కూడా ఈఎస్ఐ ఉండవలసిందే, ఒకసారి అడిగి చూడండి.)

ఈ రక్షణ అంతా ఏజెన్సీ నిజంగా డబ్బు జమచేస్తేనే. జీతంలో కోత చూపించి, ఖాతాలో వేయని కాంట్రాక్టర్లు ఉన్నారు. ఏ నెల పీఎఫ్ అయినా మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి కాబట్టి, ఆ తర్వాత ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తప్పనిసరిగా చూసుకోండి. జమ కాకపోతే ముందు ఏజెన్సీకి, ఆపైన మీరు పనిచేసే కంపెనీ హెచ్‌ఆర్ విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఏజెన్సీ వేతనం ఎగ్గొట్టినా, పీఎఫ్ కట్టకపోయినా ఆ బాధ్యత పని చేయించుకున్న కంపెనీ మీద పడుతుందని చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక చాలామంది ఏజెన్సీ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. కాంట్రాక్టు ముగిసిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకునే అలవాటు మాత్రం చేసుకోకండి. ఎన్ని ఏజెన్సీలు మారినా యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య) ఒకటే ఉంచుకుని పాత ఖాతాను బదిలీ చేసుకుంటేనే, నెలనెలా పింఛను రావడానికి కావలసిన పదేళ్ల సర్వీసు కూడుతుంది.

పర్మనెంట్ చేస్తామన్న మాటను మీ లెక్కలోకి తీసుకోవద్దు. కాంట్రాక్టు కార్మికులు తమంతట తామే కంపెనీ ఉద్యోగులైపోరని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చి చెప్పింది. స్టీల్‌ప్లాంటులో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేసిన వారు గాజువాకలో మీ చుట్టూనే ఉంటారు, వారిని అడిగినా చెబుతారు. కంపెనీ తీసుకుంటే సంతోషమే, కానీ ఆ ఆశతో తక్కువ జీతానికి ఒప్పుకోవడం గానీ అప్పు చేయడం గానీ తగదు.

ఇక డిపాజిట్. 8,000 రూపాయలు కట్టవద్దు. మనుషులను సమకూర్చినందుకు ఏజెన్సీకి రుసుము చెల్లించేది కంపెనీ, ఉద్యోగి కాదు. డిపాజిట్ లేనిదే నియామక పత్రం ఇవ్వమంటే ఆ ఏజెన్సీని వదిలేయండి. అంత అవసరమైతే ఆటోనగర్ కంపెనీకే వెళ్లి, వారికి మనుషులను పంపే ఏజెన్సీ ఇదేనా అని విచారించండి.

చేరిన తర్వాత జీతంలో ఖర్చులు పోగా 4,400 మిగులుతుంది. అందులో 4,000 మొదటి నెల నుంచే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 11 నెలలకు 44,000 అవుతుంది, అంటే మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపోయే మొత్తం. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్ల కాలానిది కాబట్టి ఈ పనికి కుదరదు. స్కూటీకి నెలకు రెండు, మూడు వేల వాయిదా మొదలుపెడితే ఈ నిధి బాగా తగ్గిపోతుంది, ఖాళీ నెలలో ఇంటి అద్దెతో పాటు ఆ వాయిదాకు కూడా అప్పు వెతుక్కోవలసి వస్తుంది. మీ ఆఫీసు ఆటోనగర్‌లోనే కాబట్టి, డాబా గార్డెన్స్ వెళ్లినంత దూరం కూడా కాదు. మొదటి పొడిగింపు చేతికి వచ్చి, ఆ 44,000 అలాగే ఉన్నప్పుడు బండి సంగతి ఆలోచించవచ్చు.

జీతం వివరాలు, పీఎఫ్, ఈఎస్ఐ, కాంట్రాక్టు తేదీలు, బోనస్ సీటీసీలో కలిసి ఉందో విడిగా ఇస్తారో స్పష్టంగా రాసిన నియామక పత్రం చేతికి వచ్చిన తర్వాతే దుకాణంలో రాజీనామా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోండి.