ఆ ఎర్ర అక్షరాలు తీసెయ్ తల్లీ

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

తెనాలిలో చీరల కొట్టు పెడుతున్నావని, మంగళగిరి నుంచి సరుకు తెప్పించి ఫోన్‌లో కూడా అమ్ముతావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో అందరూ ఒకరి కొట్లో గుడ్డ కొలిచి చించినవాళ్లే. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మొదటి మనిషివి నువ్వే. కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను. కానీ నీ పేజీ చూశాక మనసు కుదుటపడలేదు. ఫొటోల కింద ఎర్ర అక్షరాలతో ‘నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్’ అని పెట్టావు. ఎవరు నేర్పారు నీకిది?

జీఎస్‌టీ, అద్దె కాగితం సంగతి నీకు తెలుసు. అప్పు చేసి స్టాకు నింపకు. లాటుకో చీర ఉతికి చూడు. తడిపిన తెల్లగుడ్డతో అంచు రుద్దినా రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది.

నేను గుంటూరులో గుమాస్తాగా చేరిన కొట్లో ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకి బోర్డు ఉండేది. ఒక పల్లెటూరావిడ కూతురి పెళ్లికి మా దగ్గరే బట్టలన్నీ తీసుకుంది. వియ్యపురాలికి పెట్టిన మీగడరంగు చీర మొదటి ఉతుకులోనే ఎర్రంచు దిగి పాడైందట. ఆ వియ్యపురాలు పదిమందిలో దాన్ని విప్పి చూపించిందట. డబ్బు మాట పక్కన పెట్టు, ఆడపిల్లను ఇచ్చిన ఇంట్లో తలవంపులు. ఆ చీర పట్టుకుని పల్లెటూరావిడ పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. యజమాని చీరవైపు చూడనైనా లేదు. “బోణీ కాకుండానే వాపసా?” అని బోర్డు చూపించాడు. ఆవిడకు చదువు రాదు. ఏం రాసుందో చదవమని నన్ను అడిగింది. చదివాను. ఒక్క మాట అనలేదు, చీర మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ ఊరివాళ్లు పెళ్లి బట్టలకు గుంపుగా వచ్చేవారు. ఆ తర్వాత కూడా అదే బస్సు దిగేవారు, మా గుమ్మం ముందునుంచే నడిచి ఎదురు కొట్లోకి వెళ్లేవారు. యజమాని ఆషాఢంలో తగ్గింపులు పెట్టాడు. ఒక్కరూ తిరిగి రాలేదు. మంచి మనిషే, జీతం ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. ఆ పొద్దున మాత్రం ఎంత పోగొట్టుకున్నాడో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు.

నా వయసువాళ్లు ఆ రోజులే బాగుండేవంటారు. తెల్లటి పరుపుల మీద కూర్చోబెట్టి, సోడా తెప్పించి, చీరల మీద చీరలు విప్పేవాళ్లం. నాకూ ఆ కొత్తగుడ్డ వాసన తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. పెద్దిళ్లకైతే సెలెక్షన్‌కని మూటగట్టి సైకిలు మీద పంపేవాళ్లం. నచ్చినవి ఉంచుకుని మిగతావి తిప్పి పంపేవారు. బోర్డు మాత్రం బస్సులో వచ్చేవాళ్లకి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు నచ్చని చీరని గుమ్మంలోకొచ్చి తీసుకెళ్తున్నారంటే, ఆనాటి పెద్దిళ్ల మర్యాద ఇవాళ అందరికీ దొరుకుతోంది. దానికి అలవాటుపడ్డ మనిషి నీ ఎర్ర అక్షరాలు చూసి ఎందుకు కొంటుంది చెప్పు?

చట్టం కూడా ఒప్పుకోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి. కాదంటే జనం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తారు. నచ్చక తెచ్చినదానికి నియమం నీ ఇష్టం. అందుకే రెండూ విడివిడిగా రాయి: లోపముంటే డబ్బు, నచ్చకపోతే వారంలో మార్పిడి, ఫాల్ కుట్టించకముందే. డబ్బు బదులు చీటీ ఇచ్చి నెలలో కొనెయ్యాలనడం ఎవరికీ గిట్టదు. ఈ మాటలన్నీ డబ్బు పుచ్చుకోకముందే నోటితో చెప్పు.

పార్సిల్ విప్పుతూ వీడియో తీయాల్సిందే అని కూడా రాశావు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఎలా తీస్తుందమ్మా? నువ్వే ప్యాక్ చేసేముందు పగటి వెలుగులో చీర మొత్తం విప్పి వీడియో తీసి పంపు. రంగు తేడా గొడవలు సగం అక్కడే తగ్గుతాయి.

ఫంక్షన్‌కి కట్టుకుని తెచ్చేవాళ్లూ ఉంటారు. భుజం దగ్గర పిన్ను రంధ్రాలు, కుచ్చిళ్ల కింద మట్టి, సెంటు వాసన చూస్తే తెలుస్తుంది. తీసుకోవద్దు. కానీ పక్కకు పిలిచి మెల్లగా చెప్పు. నీకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే, నా భయమంతా అదే. ఎవరైనా అరిస్తే నాకు ఫోన్ చెయ్, ఆ కోపమంతా నామీద చూపించు, పడతాను.

బోణీ కాకముందు వచ్చినా, దీపాలు పెట్టే వేళ వచ్చినా, ఇవ్వాల్సిన డబ్బు అప్పుడే ఇచ్చెయ్. లక్ష్మి వెళ్లిపోతుందని మీ అమ్మ గోల చేస్తుంది. అక్కతో నేను మాట్లాడతాలే.

మీ మామయ్య