గాయపడ్డ స్టార్‌ని ఇచ్చేసి కుర్రాణ్ని తెచ్చుకోవచ్చా? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ట్రేడ్‌లపై (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిపై) పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: స్టార్‌కి గాయమైతే ధర పలికినప్పుడే ఇచ్చేసి, కుర్రాణ్ని తెచ్చుకోవాలని మా అబ్బాయి వాదన. పాల్ జార్జ్‌ని ఇచ్చి షే గిల్జస్-అలెగ్జాండర్‌ని తెచ్చుకున్న ఓక్లహోమా సిటీని చూపించి ప్రతిసారీ నా నోరు మూయిస్తున్నాడు. దీనికి జవాబు లేదా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఉంది. ఆ ట్రేడ్ గొప్పదే కానీ మీ అబ్బాయి వాదనకు అది సాక్ష్యం కాదు. 2019 జులైలో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు జార్జ్‌ని లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కి ఇచ్చేనాటికి అతని రెండు భుజాలకూ ఆపరేషన్లయ్యాయి. కొత్త సీజన్‌లో మొదటి 11 మ్యాచ్‌లు ఆడలేదు కూడా. అయితే అతను అంతకుముందు సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 28 పాయింట్లు చేసి, ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) ఓట్లలో మూడో స్థానంలో నిలిచినవాడు. భుజాలు బాగైతే పాత ఆట వస్తుందన్న ధీమా కొనేవాళ్లకు ఉంది. పైగా గాయం వల్ల థండర్ అతన్ని వదిలించుకోలేదు, వెళ్తానని అడిగింది జార్జే.

అసలు కిటుకు వేరే ఉంది. జార్జ్ వస్తేనే కవై లెనర్డ్ కూడా క్లిప్పర్స్‌కి వస్తాడు. అంటే క్లిప్పర్స్ కట్టింది ఇద్దరి ధర. అందుకే షే, డానిలో గల్లినారీలతో పాటు 5 ఫస్ట్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాళ్లను మొదటి విడతలో ఎంచుకునే హక్కులు), 2 పిక్ స్వాప్‌లు (ఎంపిక స్థానం మార్చుకునే హక్కులు) థండర్‌కి దక్కాయి. ఆ పిక్‌లలో ఒకటి 2022 డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్‌గా మారింది. థండర్ టైటిల్ గెలిచిన 2025 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు చేసింది అతనే. షే ఒక్కడే వచ్చి, పిక్‌లు రాకపోయి ఉంటే ఆ టైటిల్ అనుమానమే.

మీ అబ్బాయికి చెప్పాల్సిన ట్రేడ్ ఇంకొకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో న్యూయార్క్ నిక్స్ స్టార్ క్రిస్టాప్స్ పోర్జింగిస్‌కి ఎడమ మోకాలి ఏసీఎల్ (కీలును పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. అతను ఇంకా కోర్టులోకి దిగకముందే, 2019 జనవరి ఆఖర్లో, నిక్స్ అతన్ని డాలస్‌కి పంపేసింది. బదులుగా వచ్చింది 21 ఏళ్ల డెన్నిస్ స్మిత్ జూనియర్, 2 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఇద్దరు సీనియర్లు, పెద్ద స్టార్లను కొనుక్కోవడానికి జీతాల పరిమితిలో ఖాళీ. ఆ వేసవిలో కెవిన్ డ్యురాంట్, కైరీ అర్వింగ్ ఇద్దరూ న్యూయార్క్‌కే వచ్చారు, కాకపోతే నిక్స్‌కి కాదు, బ్రూక్లిన్‌కి! స్మిత్‌ని రెండేళ్లకే డెట్రాయిట్‌కి పంపేశారు. పోర్జింగిస్ 2024లో బోస్టన్ తరఫున టైటిల్ గెలిచాడు.

మధ్యస్థంగా నిలిచే ఉదాహరణ గోల్డెన్ స్టేట్‌ది. 2019 ఫైనల్స్‌లో అకిలీస్ (మడమ వెనక నరం లాంటి స్నాయువు) తెగిన డ్యురాంట్ ఎలాగూ బ్రూక్లిన్ వెళ్లిపోతున్నాడు. ఉత్త చేతులతో మిగలకుండా సైన్-అండ్-ట్రేడ్ (కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి వెంటనే ట్రేడ్) చేసి 23 ఏళ్ల డీఆంజెలో రసెల్‌ని తెచ్చుకున్నారు. అతను ఆడింది 33 మ్యాచ్‌లే. తర్వాత అతన్నే మిన్నెసోటాకి ఇచ్చి ఆండ్రూ విగిన్స్‌నీ, ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌నీ రాబట్టారు. 2022 టైటిల్‌లో విగిన్స్ పాత్ర ఎంతో అందరూ చూశారు. కుర్రాడు ఆడకపోయినా ఫరవాలేదు, అతని ధర పడిపోకముందే మళ్లీ మార్చుకోగలగాలి.

కాబట్టి ఇంట్లో వాదన మొదలుపెట్టే ముందు మిగతా జట్టు సగటు వయసు చూడండి. మిగతా నలుగురూ 22, 23 ఏళ్లవాళ్లయితే స్టార్‌ని ఇవ్వడంలో అర్థముంది. మిగతావాళ్లకు 30 దాటి ఉంటే, కుర్రాడు ఎదిగేలోపు వాళ్లు రిటైరవుతారు. స్టార్ కాంట్రాక్ట్‌లో మూడేళ్లు మిగిలి ఉంటే తొందర అక్కర్లేదు, కోలుకున్నాక అమ్మితే ధర పెరుగుతుంది. ఒక్క ఏడాదే మిగిలి, ఉండనని అతను తేల్చేస్తే ఆలస్యం చేసిన ప్రతి నెలా ధర తగ్గుతుంది.

ప్రశ్న: ఏ గాయాన్ని చూసి ఎంత భయపడాలి?
– ఫిజియోథెరపీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఎముక విరగడం చూడ్డానికి భయంకరంగా ఉంటుంది కానీ సరిగ్గా అతుక్కుంటే ఆట తిరిగొస్తుంది. 2014లో పాల్ జార్జ్ కుడికాలు మోకాలి కింద విరిగింది, తర్వాతే అతని అత్యుత్తమ సీజన్లు వచ్చాయి. పాదంలోని నావిక్యులర్ ఎముక సంగతి వేరు. దానికి రక్తప్రసరణ తక్కువ, మీద పడే బరువు ఎక్కువ. జోయెల్ ఎంబీడ్ తొలి రెండు సీజన్లు దానివల్లే పోయాయి. భారీకాయులకు పాదం గాయం అని వింటే కొనేవాళ్లు ధర తగ్గించే అడుగుతారు.

ఏసీఎల్‌కి 9 నుంచి 12 నెలలు పడుతుంది. కుర్రవయసులో గెంతు చాలావరకు తిరిగొస్తుంది. అకిలీస్‌కీ దాదాపు అంతే కాలం పడుతుంది కానీ నష్టం మరోచోట. మొదటి అడుగులోని విసురు, నిలబడ్డచోటి నుంచి ఎగిరే బలం తగ్గుతాయి. డ్యురాంట్ నిలదొక్కుకున్నాడంటే, దాదాపు ఏడడుగుల ఎత్తుతో పైనుంచి షాట్ కొట్టే అతని ఆట ఆ విసురు మీద ఆధారపడదు కాబట్టి. పొట్టి గార్డ్‌లు అతన్ని చూసి ధైర్యం తెచ్చుకోలేరు.

మోకాలి కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ దగ్గర ఏ ఆపరేషన్ చేశారో అడగాలి. చిరిగిన ముక్క కత్తిరించి తీసేస్తే కొన్ని వారాల్లో ఆడతాడు, కానీ కీలు త్వరగా అరిగిపోతుంది. కుట్టు వేస్తే కొన్ని నెలలు పోతాయి, మోకాలు మిగులుతుంది. త్వరగా వచ్చాడని సంబరపడే అభిమానులు గమనించనిది ఇదే. పిక్క కండరం పట్టేసిందన్న చిన్న వార్తనూ తేలిగ్గా తీసుకోకండి. 2019లో డ్యురాంట్‌కీ, 2025లో టైరీస్ హాలిబర్టన్‌కీ ముందు కుడి పిక్క, తర్వాత అదే కాలి అకిలీస్.

ఇంకొక మాట: నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తామని జట్టు ప్రకటిస్తే, నాలుగు వారాల్లో ఆడతాడని కాదు. పరీక్ష మాత్రమే ఉంటుంది.

ప్రశ్న: కుర్రాడి జీతం 1 కోటి డాలర్లు, స్టార్‌ది 5 కోట్లు. ట్రేడ్ ఎలా కుదురుతుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఒకరికి ఒకరుగా కుదరదు. కొనే జట్టు జీతాల మొత్తం జీతాల ఖర్చుకు లీగ్ పెట్టిన మొదటి ఏప్రన్ అనే గీత కింద ఉంటే, పెద్ద జీతాల విషయంలో తాను పంపిన మొత్తానికి 125 శాతం, పైన 2.5 లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు. 5 కోట్ల స్టార్ కావాలంటే కనీసం 3.98 కోట్లు పంపాలి. అంటే కుర్రాడితో పాటు మరో 2.98 కోట్ల జీతగాళ్లు వెళ్లాలి. ఇలా చేసిన జట్టు ఆ సీజనంతా ఆ గీత దాటకూడదు. ఇప్పటికే గీత దాటిన జట్టయితే పూర్తి 5 కోట్లూ పంపాలి. దానికి పైనున్న రెండో ఏప్రన్ కూడా దాటితే ఇద్దరి ముగ్గురి జీతాలు కలిపి చూపడానికి వీల్లేదు. అంత జీతమున్న ఆటగాడు ఒక్కడే వెళ్లాలి. సరదాగా ట్రేడ్‌లు ఊహించేవాళ్లలో సగం మంది ఇక్కడే దొరికిపోతారు.

రెండో మెలిక కుర్రాడి కొత్త కాంట్రాక్ట్‌ది. తొలి కాంట్రాక్ట్ నడుస్తుండగానే అతను 5 ఏళ్లకు 20 కోట్లతో పొడిగింపు సంతకం చేశాడనుకోండి, అది ఇంకా మొదలు కాలేదు. ఇచ్చేవాళ్ల లెక్కలో అతని జీతం ఈ ఏటి 1 కోటే. తీసుకునేవాళ్ల లెక్కలో ఈ ఏడాదినీ పొడిగింపునూ కలిపి సగటు: 21 కోట్లను 6తో భాగిస్తే 3.5 కోట్లు. ఈ తేడా వల్ల అలాంటి కుర్రాళ్లు పొడిగింపు మొదలయ్యే దాకా దాదాపు కదలరు.

నలుగురు వస్తే నలుగురికీ చోటుండాలి. ఒక్కో జట్టుకి మామూలు కాంట్రాక్ట్‌లు 15 మాత్రమే.

ప్రశ్న: ట్రేడ్ ప్రకటించాక గాయం బయటపడితే?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కొనే జట్టు డాక్టర్లు పరీక్షించి సరేననాలి. లేదంటే రద్దు చేయొచ్చు, అదనంగా ఏదైనా అడగొచ్చు, తెలిసీ తీసుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో లేకర్స్, డాల్టన్ నెక్ట్‌తో పాటు 2031 ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చి షార్లెట్ ఆటగాడు మార్క్ విలియమ్స్‌ని తీసుకుని, పరీక్ష తర్వాత వద్దంది. 2017లో ఐజయా థామస్ తుంటి గాయం చూసి క్లీవ్‌లాండ్ అభ్యంతరం చెబితే, బోస్టన్ మరో సెకండ్ రౌండ్ పిక్ జోడించి గొడవ ముగించింది. థామస్ అక్కడ ఆడింది 15 మ్యాచ్‌లు.

ప్రశ్న: లూకా డోన్చిచ్ ట్రేడ్ కూడా ఈ కోవలోదేనా? ఇక్కడి తెలుగువాళ్ల పాట్‌లక్‌లలో ఇప్పటికీ ఇదే గొడవ.
– ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: తిరగేసిన కోవ. 2025 ఫిబ్రవరిలో డాలస్ లేకర్స్‌కి ఇచ్చింది పిక్క గాయంతో క్రిస్మస్ నుంచి ఆడని 25 ఏళ్లవాణ్ని, తెచ్చుకున్నది 31 ఏళ్ల ఆంథొనీ డేవిస్‌ని. అతనూ అప్పుడు గాయంతోనే ఉన్నాడు, డాలస్ తరఫున ఆడిన తొలి మ్యాచ్‌లోనే మళ్లీ గాయపడ్డాడు. శరీరం మీద అనుమానంతో అమ్మేటప్పుడు అంతకంటే ఎక్కువ గాయాల చరిత్ర ఉన్న పెద్దవాణ్ని కొనడమేంటో అర్థం కాదు. మాక్స్ క్రిస్టీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి తప్ప ఇంకేం రాలేదు. కారణం, బేరం ఒక్క లేకర్స్‌తోనే రహస్యంగా నడిచింది. పోటీ లేని చోట ధర రాదు. డోన్చిచ్‌కి దాదాపు 34.5 కోట్ల డాలర్ల సూపర్‌మాక్స్ (నిబంధనలు అనుమతించే అత్యధిక కాంట్రాక్ట్) ఇవ్వాల్సి వస్తుందన్న జంకు ఉంటే ఉండొచ్చు. దానికి విరుగుడు వేలం పాట పెట్టడం.

ప్రశ్న: వచ్చే కుర్రాడు పనికొస్తాడో లేదో ముందే ఎలా చూడాలి?
– కాలేజీ జట్టు కోచ్, విశాఖపట్నం

జవాబు: పాయింట్ల సగటు చివర్లో చూడండి. షే తొలి సీజన్‌లో చేసింది మ్యాచ్‌కి 10.8 మాత్రమే. అదే సీజన్‌లో 82 మ్యాచ్‌లూ ఆడాడు, ఫ్రీ త్రోలు (ఫౌల్ తర్వాత అడ్డు లేకుండా వేసే షాట్లు) 80 శాతం వేశాడు. రూకీకి (తొలి సీజన్ ఆటగాడికి) అవి మంచి గుర్తులు. దూరం నుంచి షాట్ కుదురుతుందా అన్నదానికి తొలి ఏడాది మూడు పాయింట్ల శాతం కన్నా ఫ్రీ త్రో శాతం నమ్మదగ్గది, ఎందుకంటే మూడు పాయింట్ల ప్రయత్నాలు తక్కువగా ఉండి లెక్క ఊగుతుంది. ఆ పాయింట్లు ఎప్పుడు వచ్చాయో కూడా చూడండి. ఓడిపోయే జట్టులో, తేలిపోయిన నాలుగో క్వార్టర్లో చేసిన 20 పాయింట్లను నమ్మి చేతులు కాల్చుకున్న జట్లు చాలా ఉన్నాయి. తర్వాత, తొలి కాంట్రాక్ట్‌లో ఇంకా ఎన్నేళ్లున్నాయి? ఫస్ట్ రౌండ్ కుర్రాడికి నాలుగేళ్లు. మూడేళ్లు మిగిలినవాడూ ఒక్క ఏడాదే మిగిలినవాడూ ఒకే ఆట ఆడుతున్నా ఒకే ధర కాదు.